అరవై మీటర్లు చాలు

డిస్క్ గోల్ఫ్ నేర్చుకుందామనుకునే వాళ్లు మొదటి తప్పు పార్కుకి పోకముందే చేస్తారు. ఫోన్‌లో వీడియో చూస్తారు. అందులో ఎవరో నూటయాభై మీటర్ల దూరం విసురుతుంటారు. ఆయన చేతిలో ఉన్న డిస్కే కావాలని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతారు. వచ్చేది డ్రైవర్, అంటే దూరం విసరడానికి చేసిన డిస్కు. సన్నటి అంచు, గట్టి ప్లాస్టిక్, మీద 12 అనో 13 అనో అంకె. నల్లగొండలోనో పాలమూరులోనో ఖాళీ జాగా చూసుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరితే అది ముప్పై మీటర్లకే ఎడమకి ఒరిగి సర్కారు తుమ్మల్లో దూరుతుంది. ముళ్లు గుచ్చుకుంటూ దాన్ని ఏరుకొచ్చి, ఇంకో నాలుగుసార్లు విసిరి, ‘ఇది మనతోని అయ్యేది కాదు’ అని మంచం కింద పడేస్తారు.

తప్పు చేతిది కాదు, డిస్కుది, దూరం మీద మోజుది. కొత్తవాళ్లకి పట్టర్, అంటే దగ్గర నుంచి గురిగా వేసే నిదానం డిస్కు, తప్ప వేరేది అక్కర్లేదు. అరవై మీటర్లకి మించిన హోల్, అంటే విసురు మొదలయ్యే చోటు నుంచి బుట్టదాకా ఉన్న దారి, అసలే అక్కర్లేదు. మన దగ్గర ఎవరైనా, ఎక్కడైనా కోర్సు వేయదలుచుకుంటే ఈ రెండు మాటల మీదే వేయాలి. ‘ముందు పెద్దది వేద్దాం, పిల్లలు మెల్లగా అలవాటు పడతారు’ అనే వాళ్లతో నాకు పొసగదు. అట్లా వేసిన కోర్సులో అలవాటు పడేది మేకలే.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. గోల్ఫ్ లెక్కే. బంతికి బదులు డిస్కు, గుంతకి బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. టీ, అంటే మొదటి విసురు వేసే చోటు, దగ్గర నిలబడి విసరాలి, పడ్డచోటి నుంచి మళ్లీ విసరాలి, బుట్టలో పడేదాకా ఎన్నిసార్లు విసిరితే అంత స్కోరు. తక్కువ వచ్చినవాళ్లు గెలిచినట్టు. ఎడ్ హెడ్రిక్ అనే అమెరికన్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. మరుసటి ఏడు, 1976లో, ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ పుట్టింది. దాన్నే పీడీజీఏ అంటారు, నేటికీ రూల్స్ రాసేది అదే. మొదట్లో గురి పెట్టడానికి ఉత్త గుంజలే ఉండేవి. డిస్కు గుంజకి తగిలిందా, పక్కనుంచి పోయిందా అన్న పంచాయితీకి అక్కడ ఎప్పుడూ తావుండేది. చిర్రగోనె ఆడిన వాళ్లకి ఆ పంచాయితీ ఎట్లుంటదో చెప్పక్కర్లేదు. గొలుసుల బుట్టతో ఆ తగువు తెగింది. దాని పేటెంట్ హెడ్రిక్‌కి 1977లో వచ్చింది. బుట్టలో ఆగితే అయినట్టు, గొలుసుల్లో చిక్కుకుని వేలాడినా అయినట్టే. బుట్ట పైకప్పు మీద కూర్చుంటే మాత్రం కాదు, దించుకుని ఇంకోసారి వేయాల్సిందే.

ఇక డిస్కు మీద అంకెల సంగతి. చాలా కంపెనీలు నాలుగు అంకెలు ముద్రిస్తాయి: స్పీడ్, గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్, ఫేడ్. స్పీడ్ 12 అని ఉంటే ఆ డిస్కు మీకు అంత వేగం ఇస్తుందని కాదు, మీ దగ్గర నుంచి అంత వేగం అడుగుతుందని. త్రీఫేజు మోటరుకి సింగిల్ ఫేజు కరెంటిస్తే ఏమవుతుంది? గుర్రుమంటది, నీళ్లు రావు. డ్రైవరు కూడా అంతే. డిస్ట్రాయర్ అనే పేరున్న డ్రైవరు అంకెలు 12, 5, -1, 3. అవియార్ అనే పాత పట్టరువి 2, 3, 0, 1. చివరి అంకె ఫేడ్, అంటే వేగం తగ్గాక ఎంత గట్టిగా పక్కకి ఒరుగుతుందో చెప్పేది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చెయ్యి రొమ్ముకి అడ్డంగా తెచ్చి బయటికి, విసిరేవాళ్లకి అది ఎడమకి ఒరుగుతుంది. కొత్తవాళ్ల చేతిలో పన్నెండు స్పీడు డిస్కు చేరాల్సిన వేగం ఎప్పుడూ చేరదు. అంటే మొదటి క్షణం నుంచే అది ‘వేగం తగ్గిన’ డిస్కు. విసిరీ విసరగానే ఫేడ్ మొదలవుతుంది.

ఎందుకు ఒరుగుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే సగం ఆట వచ్చినట్టే. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్కు, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ గాలి పైకి నెట్టే బలం డిస్కు మధ్యన కాకుండా ముందు భాగం మీద పడుతుంది, ముక్కు, అంటే ముందంచు, పైకెత్తాలని చూస్తుంది. తిరగని పళ్లెమైతే ఎత్తేసేదే. తిరుగుతున్న వస్తువుని ఒక దిక్కుకి తోస్తే అది తొంభై డిగ్రీలు పక్కకి స్పందిస్తుంది. బొంగరం ఆడినవాళ్లు చూసే ఉంటారు. అందుకే ముక్కు లేవాల్సింది పోయి ఎడమ అంచు కిందికి వాలుతుంది. వేగం బాగా ఎక్కువున్నప్పుడు ఆ బలం వెనక్కి జరుగుతుంది, కథ తిరగబడి డిస్కు కుడికి మళ్లుతుంది. దాన్నే టర్న్ అంటారు.

పట్టర్ అంచు మందం, మొద్దు. తక్కువ వేగానికే తిన్నగా పోతుంది, పడ్డచోట ఎక్కువ జారదు. చేతిలో తప్పు ఎంతుందో అంతే చూపిస్తుంది, ఎక్కువచేసి చూపించదు, దాచిపెట్టదు. నేర్చుకునేవాళ్లకి కావాల్సింది ఇదే. కొనేటప్పుడు ఒకటే రకం పట్టర్లు మూడు కొనండి. 165 నుంచి 175 గ్రాముల మధ్య బరువు పెద్దవాళ్లకి సరిపోతుంది, పిల్లలకి 150 చాలు. చవక రకం ప్లాస్టిక్కే మేలు, చెమట చేతికి పట్టు దొరుకుతుంది. మూడూ ఒకే అచ్చువి ఎందుకంటే, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పోతే తేడా డిస్కుది కాదు, మీదేనని తెలుస్తుంది. బీచ్‌లో ఆడుకునే ఫ్రిస్బీతో సరిపెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. మొదటి వారం సరిపెట్టుకోవచ్చు. కానీ అది 27 సెంటీమీటర్ల పళ్లెం, గోల్ఫ్ డిస్కు 21 సెంటీమీటర్లే. పెద్దది గొలుసులకి తగిలి ఎగిరిపడుతుంది, గాలికి పతంగిలా లేస్తుంది.

విసరడం గురించి పుస్తకాలంత సలహాలున్నాయి. కొత్తవాళ్లకి మూడే చాలు.

మొదటిది పట్టు. నాలుగు వేళ్లూ అంచు లోపలికి మడిచి, బొటనవేలు పైన, అంచుకి కొంచెం లోపలగా. గుప్పిట డిస్కుని పట్టుకోవాలి గానీ పిసకొద్దు. వదిలే ఆఖరి క్షణంలో మాత్రమే బిగించాలి. మొదటి నుంచీ బిగిస్తే మణికట్టు తిరగదు. మణికట్టు తిరగకపోతే డిస్కు తిరగదు, తిరగని డిస్కు గాల్లో వణుకుతూ పోయి దభీమని పడుతుంది. ఆ వణుకు కనిపించిందంటే బలం తక్కువని కాదు, తిప్పుడు తక్కువని.

రెండోది గుంజుడు. చెయ్యి కొడవలిలా గుండ్రంగా తిప్పకూడదు. పత్తిచేన్లకి మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ స్టార్ట్ చేయడానికి తాడు గుంజుతాం చూడండి, అట్లా, రొమ్ముకి దగ్గరగా తిన్నగా గుంజాలి. మోచెయ్యి ముందు పోవాలి, చెయ్యి దాని వెనక రావాలి. గుండ్రంగా తిప్పితే వదిలే క్షణం ఒక వెంట్రుకవాసి ఆలస్యమైనా డిస్కు కుడిపక్క ఇరవై అడుగులు అవతల తేలుతుంది. పార్కులో వాకింగ్ చేసేవాళ్లకి తగిలేవి చాలామటుకు ఇవే, ఆలస్యంగా వదిలినవి.

మూడోది ముక్కు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్ద తప్పు, ఇది కంటికి కనబడదు. విసిరిన డిస్కు లేచి, లేచి, గాల్లో ఒక్క క్షణం ఆగి, ఎడమకి వెనక్కి వచ్చి పడితే ముక్కు పైకుందని అర్థం. అందరూ ‘ఇంకా గట్టిగా వేయాలి’ అనుకుంటారు. గట్టిగా వేస్తే ఇంకా లేస్తుంది, ఇంకా ముందే ఆగుతుంది. మందు బలంలో లేదు, మణికట్టులో ఉంది. చెంబుతో నీళ్లు వంచేటప్పుడు మణికట్టు ఎట్లా కిందికి వాలుతుందో, గుంజేటప్పుడు అట్లా ఉంచాలి. డిస్కు ముందంచు మీకు కనబడకూడదు, మీకు దాని పైభాగం కనబడాలి. పరుగు తీసి విసిరేవాళ్లు ముందు ఆ పరుగు మానేయాలి. నిలబడి నలభై మీటర్లు తిన్నగా పోనిది పరుగెత్తినా పోదు.

బుట్టకి దగ్గరకొచ్చాక ఆట మారుతుంది. పది మీటర్ల లోపల విసిరితే, విసిరాక తూలి ముందుకి పోకూడదు. మార్కర్, అంటే డిస్కు పడ్డచోటి గుర్తు, వెనక కాళ్లు నిలదొక్కుకుని నిలబడ్డట్టు కనిపించాలి, ఆ తర్వాతే బుట్ట వైపు నడవాలి. ఇది పీడీజీఏ రూలు. ఆ వలయం బయటైతే విసిరిన ఊపులో ముందుకి పోవచ్చు. సాధన ఎక్కువ చేయాల్సింది ఈ పది మీటర్లలోనే. మూడు పట్టర్లతో మూడు మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. మూడూ పడితే ఒక అడుగు వెనక్కి, ఒకటి తప్పితే ఒక అడుగు ముందుకి. పావుగంట చాలు. బుట్ట లేకపోయినా ఇంటి ముందు ఒక ప్లాస్టిక్ బకెట్‌ని స్టూలు మీద పెట్టి చేయొచ్చు. గురి పెట్టాల్సింది బుట్ట మొత్తానికి కాదు, గొలుసుల్లో ఒక్క కొండీకి. మధ్య గుంజకి కొంచెం కుడిపక్కగా ఉన్న కొండీని చూడాలి, డిస్కు చివర్లో ఎడమకి ఒరుగుతుంది కదా.

‘క్రికెట్ ఉండగా ఇదెందుకు?’ అనే ప్రశ్న రానే వస్తుంది. క్రికెట్‌కి సమతలం కావాలి, పదిమందికి పైన కావాలి, ఒకసారి మొదలైతే గ్రౌండు మొత్తం వాళ్లదే. నల్లగొండ చుట్టూ, పాలమూరు చుట్టూ సమతలం ఎక్కడుంది? గుట్టలు, వాటి కింద గుండ్లు, గుండ్ల మధ్య వేపలు, కానుగలు, సీతాఫలం పొదలు. క్రికెట్‌కి పనికిరాని ఈ ఎగుడుదిగుడు చెల్కే డిస్క్ గోల్ఫ్‌కి మంచి జాగా. ఒక్కరూ ఆడుకోవచ్చు, నలుగురూ ఆడుకోవచ్చు. అమ్మమ్మ చిన్న టీ నుంచి, మనవడు పెద్ద టీ నుంచి ఒకే బుట్టకి వేయొచ్చు. 2015లో మొదలైన హరితహారం మొక్కలు చాలాచోట్ల నీడనిచ్చే చెట్లయ్యాయి. ఆ వరసల మధ్య సందుల్లోనే ఆట అందం. ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు, కొట్టొద్దు కూడా.

అయితే చెట్టు కనబడ్డచోటల్లా బుట్ట పెట్టొద్దు. పిల్లలమర్రి లాంటి జాగాలో ఈ ఆట ఊసే ఎత్తకూడదు. ఏడువందల ఏండ్లదని చెప్పుకునే ఆ ఊడలమర్రికి చెదపురుగు పట్టి 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. దాని ఊడలకి నూటడెబ్బై గ్రాముల ప్లాస్టిక్ అంచు గంటకి ఇరవైసార్లు తగలడం ఎవరికీ మంచిది కాదు. పాలమూరు అప్పన్నపల్లి దగ్గరి ఎకో పార్కు రెండువేల ఎకరాలకి పైగా ఉంది, అక్కడ జాగాకి కరువు లేదు, కానీ అడవిశాఖ ఒప్పుకోనిదే మేకు కూడా దించకూడదు. నల్లగొండ పానగల్లు ఉదయసముద్రం కట్ట చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ నీళ్ల పక్కన కొత్తవాళ్లని ఆడించొద్దు. గోల్ఫ్ డిస్కుల్లో చాలావరకు నీళ్లలో మునిగిపోతాయి. పోయిన డిస్కుని వెతకడానికి రూలు ప్రకారం మూడు నిమిషాలే, దొరక్కపోతే ఒక పెనాల్టీ. డిస్కు డబ్బులు వేరే.

తొమ్మిది హోళ్ల చిన్న కోర్సుకి అయిదారు ఎకరాలుంటే సరిపోతుంది. ఒక్కో హోల్ 35 నుంచి 60 మీటర్లు, అన్నీ పార్ 3, అంటే మూడు విసుర్లలో ముగియాల్సినవి. ముగ్గురు కలిసి ఆడినా గంటలోపల ముగుస్తుంది. మొదటిరోజు హోల్‌కి అయిదు పడినా చింత లేదు. కోర్సు వేసేవాళ్లు టేపు పట్టే ముందు పొద్దుగాల ఆరింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి అక్కడ నిలబడి చూడాలి. ఎండాకాలంలో మన దగ్గర ఆట పొద్దున్నే, ఎనిమిది దాటితే బయట నిలబడలేం. అందుకని మొదటి హోల్ తూర్పు ముఖంగా పెట్టొద్దు. ఎదురెండలో డిస్కు కనబడదు, మొదటి విసురే పోతుంది. మృగశిర దాటాక పడమటి గాలి లేస్తుంది, పాలమూరు దిక్కు అది ఆషామాషీ గాలి కాదు. పడమటి ముఖంగా వేస్తే ఎదురుగాలి. ఎదురుగాలిలో డిస్కుకి గాలివేగం కూడా కలిసి తన వేగం ఎక్కువైనట్టు ప్రవర్తిస్తుంది, కుడికి మళ్లుతుంది, లేస్తుంది. కిందికి, మెల్లగా వేయడమే దానికి జవాబు. తూర్పు ముఖంగా వేస్తే వెనకగాలి, అప్పుడు డిస్కు ముందే దిగిపోతుంది, జర పైకి వేయాలి. ఉత్తరం ముఖంగా వేసేటప్పుడు గాలి ఎడమనుంచి తగులుతుంది. ఎడమ అంచు వంచి వేస్తే ఆ గాలి డిస్కు నెత్తిమీద కొట్టి నేలకి నొక్కేస్తుంది. అదే వంపుతో దక్షిణానికి వేస్తే గాలి పొట్టకింద దూరి ఎత్తుకుపోతుంది. ఒకే చెయ్యి, ఒకే డిస్కు, ఒకే వంపు, రెండు హోళ్లలో రెండు రకాలు. కొత్తవాళ్లు ఇది తెలియక తమనే తిట్టుకుంటారు.

ఒక మంచి మొదటి హోల్ ఇట్లా ఉంటుంది. ఉత్తరం ముఖం, 48 మీటర్లు. టీ అంటే అయిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టిన జాగా. సిమెంటు అక్కర్లేదు. మన మొరం గట్టిపడితే వానకి జారదు, అరిగితే నాలుగు తట్టలు పోసుకోవచ్చు. ఎడమపక్క కనీసం పది మీటర్లు ఖాళీ, ఎందుకంటే పది విసుర్లలో ఎక్కువ అటే పోతాయి. ముప్పై మీటర్ల దగ్గర కుడిపక్కన ఒక్క వేప. అది అడ్డం కాదు, కంటికి ఒక గుర్తు, దాని ఎడమనుంచి పోవాలని చెప్పే చెట్టు. బుట్ట వెనక వాలు ఉండొద్దు. దగ్గర నుంచి బుట్టకి వేసిన విసురు తప్పి కిందికి దొర్లితే కొత్తవాళ్లకి ఒకటి కాస్తా నాలుగవుతుంది. వాకింగ్ ట్రాక్ టీ వెనక ఉండాలి. ముందు గానీ, బుట్ట వెనక గానీ ఉండకూడదు. పక్కన ఉండక తప్పదంటే కనీసం ఇరవై మీటర్లు ఎడం ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడితే మూడో వారంలో ఎవరి నుదురో పగులుతుంది, నాలుగో వారంలో కోర్సు మూతపడుతుంది. అది న్యాయమే కూడా. నడిచేవాళ్లు కనిపిస్తే ఆగాలి. విసిరాక ఎవరైనా అడ్డమొస్తే ‘డిస్కొస్తుంది, జరగండి’ అని గొంతు చించుకుని అరవాలి.

డిస్కు రాయికి తగిలితే అంచు గీరుకుపోతుంది. మన గుండ్లు నల్లరాయివీ ఎర్రరాయివీ, కనికరం లేనివి. లేచిన పొరని ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్దొచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి. దెబ్బలు తిన్నకొద్దీ డిస్కు కుడికి మళ్లే గుణం పెరుగుతుంది, కాబట్టి మూడిట్లో ఒకటి అలవాటు లేకుండా కుడికి పోవడం మొదలుపెడితే చెయ్యి చూసుకునే ముందు అంచు చూసుకోండి. వానాకాలంలో ఎర్రమట్టి అంచు లోపల ముద్దలా పట్టుకుంటుంది, జేబులో పాత లుంగీ గుడ్డ ఉండాలి. మే నెలలో కారు డిక్కీలో డిస్కులు వదిలేస్తే వంకర పోతాయి. కాళ్లకి బూట్లే వేసుకోండి. పల్లేరు కాయ హవాయి చెప్పుని లెక్కచేయదు. పొదలో, రాళ్ల సందులో పడ్డ డిస్కుకి ముందు కర్ర పెట్టాలి, తర్వాతే చెయ్యి.

ఇక బుట్ట. తెప్పించుకుంటే ఖర్చు, రవాణా. మన ఊరి వెల్డింగ్ షాపులో చేయించుకోవడమే నయం. గుంజకి ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు. కింద బుట్ట జానెడు లోతు, 65 సెంటీమీటర్ల అడ్డం, ఆరు ఎంఎం రాడ్డుతో. బుట్ట పైఅంచు నేలనుంచి 82 సెంటీమీటర్ల ఎత్తుండాలి, ఆరు సెంటీమీటర్లు అటూఇటూ అయినా రూల్స్ ఒప్పుకుంటాయి. దాని మీద అర మీటరు ఎడంతో ఇంకో చక్రం, దానికి గొలుసులు. షాపువాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. గొలుసు అందంగా కనిపించాలని బిగదీసి కడతారు. బిగిసిన గొలుసు గోడతో సమానం, డిస్కు తగిలి వెనక్కి ఎగురుతుంది. గొలుసు చేయాల్సిన పని డిస్కు ఊపుని తాగేసి, దాన్ని నిలువునా కింద బుట్టలోకి వదలడం. అందుకే కింద గుంజకున్న రింగుకి తగిలించే ముందు రెండు కొండీలంత వదులు ఉంచాలి, మధ్యలో బొజ్జ కనబడాలి. మరీ సన్న గొలుసైతే డిస్కు చీల్చుకుని అవతలికి పోతుంది. బయటి వరసలో పన్నెండు, లోపలి వరసలో ఆరు గొలుసులు వేసి, లోపలివి గుంజకి దగ్గరగా పెడితే రెండు దారులూ మూసుకుంటాయి. చేశాక పరీక్ష సులభం: అయిదు మీటర్ల నుంచి మామూలు వేగంతో గొలుసుల నట్టనడుమ పది వేయండి. తగిలి బయటికి ఎగిరితే గొలుసు వదులు చేయాలి, చీల్చుకుపోతే వరస పెంచాలి.

గొలుసు పైకొండీని కొక్కేనికి తగిలించి వదిలేయొద్దు, వెల్డు పెట్టించండి. పాత సామాను కొనే బండికి గొలుసంటే మహా ఇష్టం. పైపుని నేరుగా సిమెంటులో పాతే బదులు, రెండడుగుల లోతు గుంతలో దానికంటే ఒక సైజు పెద్ద పైపు ముక్క పాతి, బుట్టని అందులో దించి, అడ్డంగా చిల్లు కొట్టి తాళం వేయాలి. ఒక్కో హోల్‌కి అట్లాంటి పైపులు రెండు పాతితే, వానాకాలంలో ఒకదాంట్లో, ఎండాకాలంలో ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. బుట్ట చుట్టూ అడుగుల కింద నలిగిన గడ్డి ఆ ఆర్నెల్లలో మళ్లీ లేస్తుంది.